కొసరుగా వచ్చిన సీ-త్రీ

మొన్న ఆదివారం మా మరదలు, అంటే మా తమ్ముడి భార్య, గుంటూరు నుంచి ఫోన్ చేసి, కొత్తింటి హాల్లో పెట్టుకోవడానికి మన పాత కొట్టు ఫోటో పంపమని అడిగింది. అడిగిన పని చిన్నదే. గోడ మీది ఫ్రేము దించి, అద్దం ఊడదీసి, ఫోటోను మంచం మీద పరిచి, నా ఫోన్‌తో దాన్ని మళ్ళీ ఫోటో తీయాలి, అంతే. అయితే ఈ కాలపు ఫోన్లకు చెప్పిన పని చెప్పినట్టు చేయడం నామోషీ కాబోలు. నేను వేలు ఆనించకముందే అది ఆ ఫోటోను చూసి ఏదో కాగితమనుకుంది, మూలలు పట్టుకుని తిన్నగా లాగింది, నీడలన్నీ తీసేసి ట్యూబులైటు వేసినట్టు తెల్లగా చేసింది, ముందున్న ఇత్తడి గంగాళం కడుపు మీద ఒక చిన్న మరక ఉంటే దాన్ని కూడా శుభ్రంగా తుడిచేసి, మెరుగుపరిచానని కింద ఒక ముక్క రాసి మరీ చూపించింది. నిన్నెవరు తుడవమన్నారే అని దాని మొహం మీదే అరిచాను. ఆ కేక తననే అనుకుని మా ఆయన వంటింట్లోంచి గుడ్డ పట్టుకుని వచ్చి, నేనింకా తుడవలేదే అన్నారు.

ఆ మరక ఏమిటో, దానికోసం నాకంత ఒళ్ళు మంట ఎందుకో చెప్పాలంటే మా కొట్టు దాకా వెళ్ళాలి.

నరసరావుపేట బజారులో మాది ఇత్తడి, స్టీలు సామాన్ల కొట్టు. నేను పుట్టింది ఇంట్లోనే అయినా పెరిగింది మాత్రం మా నాన్న గల్లా పెట్టె పక్కన, గరిటెల గుత్తుల కింద. నకరికల్లు నుంచో అచ్చంపేట నుంచో జనం బండ్లు కట్టుకుని వచ్చేవాళ్ళు. ఆడవాళ్ళు బిందెను వేలి కణుపుతో కొట్టి చెవి పెట్టి వినేవాళ్ళు, మూతి విరిచి పక్కన పెట్టేవాళ్ళు, చెప్పులు వేసుకుని మెట్లు దిగిపోయి, మళ్ళీ ఏదో మరిచిపోయినట్టు వెనక్కి వచ్చేవాళ్ళు. అంతసేపూ నాన్న ఓపికగా వింటూ, చివరికి కుడిచేతి చూపుడు వేలు పైకెత్తేవాడు. మాట్లాడేవాడు కాదు, ఆ వేలే మాట. ఆ వేలు లేచిందంటే ఇక ధర దిగదని జిల్లాలో సగం మందికి తెలుసు. ధర అక్కడ ఆగాక కొసరు మొదలయ్యేది. ఒక చెంచానో, గరిటెనో, మూతో, అడిగి మరీ పుచ్చుకునేవాళ్ళు. కొసరు లేకుండా బిందె మెట్టు దిగితే అది బేరం కాదు, దోపిడీ అనేవాడు నాన్న. ధర దగ్గర మనం గెలిస్తే కొసరు దగ్గర వాళ్ళను గెలవనివ్వాలిట.

ఈ చదువు నాకు ఒంటపట్టినంతగా బడి చదువు పట్టలేదు. ఒకే ధర అని బోర్డు పెట్టిన కొట్లో కూడా నేను బేరమాడకుండా ఉండలేను. పన్ను పీకిన డాక్టరుగారిని కొసరుగా పక్క పన్ను కూడా ఒకసారి చూడమన్నాను. మా ఆయన నాతో బజారుకు వస్తే ఎప్పుడూ ఒక కొట్టు అవతలే నిలబడి, ఈవిడెవరో తెలియనట్టు ఆకాశం చూస్తుంటారు. మీలో చాలామంది ఇళ్ళల్లోనూ నాలాంటి వాళ్ళు ఒకరుంటారు, తిట్టుకోకండి.

పదిహేనేళ్ళు దాటిందేమో, బజారు రోడ్డు వెడల్పు చేస్తారని కొలతలు వేసుకుంటూ వచ్చి, మా వరసలో కొట్లన్నిటి స్తంభాల మీదా ఎర్ర రంగు గుర్తులు వేసి వెళ్ళారు. మా స్తంభం మీద గుర్తు గల్లా పెట్టెకు వెనకాల పడింది. అంటే నాన్న కూర్చున్న చోటు కూడా రోడ్డులోకే పోతుందన్నమాట. పక్క కొట్ల వాళ్ళు వకీళ్ళ చుట్టూ తిరిగారు, స్టేలు తెస్తామన్నారు. నాన్న మాత్రం పెద్దగా కదల్లేదు. పైగా తమ్ముడు కొత్త కాంప్లెక్సులో మేడ మీద ఒక గది అప్పటికే మాట్లాడి పెట్టాడు. నాన్న అడిగిందల్లా ఒక ఫోటో. కొట్టు పోయేలోపు ఒక్క మంచి ఫోటో కావాలన్నాడు.

ఇందులో ఏముందిలే అనుకుని, వీధిలో నిలబడి, బోర్డు పడేట్టు, మెట్ల మీద మిమ్మల్ని కూర్చోబెట్టి తీయిస్తామన్నాం. నాన్న అడ్డంగా తల ఊపాడు. ఆయనకు కావాల్సింది లోపలి నుంచి. గల్లా పెట్టె వెనక ఆయన కూర్చునే చోటి నుంచి చూస్తే ఏం కనిపిస్తుందో అది. వేలాడే గరిటెల గుత్తులు, గుమ్మం పక్కన ఎన్నేళ్ళయినా అమ్ముడుపోని పెద్ద గంగాళం, మెట్లు, మెట్లవతల వీధి, ఎదురుగా సోడా కొట్టు, పోయేవాళ్ళు, వచ్చేవాళ్ళు.

"మరి అందులో మీరెక్కడుంటారు నాన్నా?" అన్నాడు తమ్ముడు.

"నేనెందుకురా? కొట్లో కూచుని నన్ను నేను ఎప్పుడన్నా చూసుకున్నానా ఏంది? కొట్టు మొహం జనానికి తెలుసు. నాకు తెలిసింది ఈ వీధి మొహమే."

ఊళ్ళో స్టూడియో ఫోటోగ్రాఫర్ని పిలిస్తే ఆ పూటతో అయిపోయేది. కానీ నా బుర్ర అట్లా పనిచేయదు కదా. ఒక్క ఫోటో తీసిపోయేవాడికి ఇచ్చే బదులు, సెకండ్ హ్యాండులో ఒక కెమెరా కొంటే అది ఇంట్లో పడుంటుంది కదా అని నాకు తోచింది. ఎడ్లపాడులో ఒక పెళ్ళిళ్ళ ఫోటోగ్రాఫరు కొత్తది కొనుక్కుని పాత డిజిటల్ కెమెరా అమ్ముతున్నాడని తెలిసి, బస్సెక్కి వెళ్ళాను.

ఆ అబ్బాయి గట్టివాడు. నేను చెప్పులు వేసుకుని గేటు దాకా వెళ్ళినా వెనక్కి పిలవలేదు. నాకు నేనే వెనక్కి రావాల్సి వచ్చింది, ఆ అవమానం ఇప్పటికీ మరిచిపోలేదు. ధర దగ్గర లాభం లేదని తేలాక కొసరులోకి దిగాను. బ్యాగు ఇచ్చాడు. అద్దం తుడిచే గుడ్డ ఇచ్చాడు. ఇంకేముందా అని చూస్తుంటే, కెమెరా నెత్తి మీద గుండ్రటి చక్రం ఒకటి కనపడింది. దాని చుట్టూ గుర్తులు. ఒకటి పచ్చరంగుది, అది ఆటో, మనం నొక్కడమే, మిగతాదంతా కెమెరాయే చూసుకుంటుందని చెప్పాడు. చివర్లో సీ-వన్, సీ-టూ, సీ-త్రీ అని ఉన్నాయి. ఇవేంటని అడిగితే, అవి కస్టమ్ మోడ్లు, మనకు కావలసినట్టు వెలుతురు, వేగం అన్నీ అమర్చి వాటిలో దాచుకోవచ్చు, చక్రం అక్కడికి తిప్పితే చాలు, దాచినవన్నీ ఒక్కసారిగా వచ్చేస్తాయి అన్నాడు. తను దాచుకున్నవి చెరిపేసి ఇస్తానని కెమెరా చేతిలోకి తీసుకున్నాడు.

చూస్తూ చూస్తూ సరుకు పారబోస్తానంటున్నాడు!

"చెరపమాక. అట్టాగే ఉంచు. కొసరు లేకుండా సరుకు పట్టుకెళితే మా నాన్న నన్ను గడప తొక్కనివ్వడు."

"అవి నేను కిందా మీదా పడి కుదుర్చుకున్నయ్యమ్మా. పెళ్ళి స్టేజీకి ఒకటి, రాత్రి ఊరేగింపుకి ఒకటి. మీరేం చేసుకుంటారు?"

"మరి ఆ మూడోది?"

"అది గుళ్ళో గర్భగుడి దగ్గర తీసేదానికి. మీకసలు పనికిరాదు."

పనికిరాదన్నాడంటే అదే అసలు సరుకని నాకు అర్థమైపోయింది. అమ్మేవాళ్ళ నోటి నుంచి ఆ మాట నేను చిన్నప్పటి నుంచీ వింటూనే ఉన్నాను. పట్టుబట్టి మూడూ ఉంచేయించుకుని, బస్సులో కెమెరాను ఒళ్ళో పెట్టుకుని, జయించుకొచ్చినట్టు వచ్చాను.

ఇంటికి రాగానే సీ-త్రీకి తిప్పి మా ఆయన మొహానికి గురిపెట్టి నొక్కాను. టిక్కుమనలేదు. ముందు వైపు ఒక చిన్న ఎర్ర దీపం కొట్టుకుంటోంది తప్ప ఉలుకూ పలుకూ లేదు. మళ్ళీ నొక్కాను. ఊపాను. తట్టాను. చక్రం తిప్పేశాను. మళ్ళీ తిప్పాను. లాభం లేదు. మోసం చేశాడు, మూడోది ఖాళీ చేసి ఇచ్చాడని ఎడ్లపాడు వైపు తిరిగి శాపనార్థాలు పెట్టాను. పోనీ పచ్చ గుర్తు వాడవచ్చు కదా అని మా ఆయన అంటే నాకు మండింది. పచ్చ గుర్తు ఊళ్ళో ప్రతి కెమెరాలోనూ ఉంటుంది. దానికోసమా నేను బస్సెక్కి వెళ్ళి అంత గింజుకున్నది? కొసరుగా తెచ్చుకున్నది వాడకుండా అటక మీద పెట్టడానికా? ఆ పట్టుదలతో కొన్నాళ్ళు ఇంట్లో ఏ శుభకార్యమైనా సీ-వన్ తోనో సీ-టూ తోనో తీశాను. ఒక బారసాల ఫోటోల్లో చుట్టాలంతా చీకట్లో దొంగల్లా ఉన్నారు. ఇంకో వ్రతం ఫోటోల్లో అందరూ గతించిన వాళ్ళలా తెల్లగా ఉన్నారు. ఇప్పటికీ ఆ చుట్టాల్లో కొందరు నాతో ముక్తసరిగానే మాట్లాడతారు.

కొట్టు కూలగొట్టే రోజు రానే వచ్చింది. పొద్దున్నే వరస చివర్న జేసీబీ పని మొదలుపెట్టింది. మా వంతు మధ్యాహ్నానికి వస్తుందన్నారు. సామానంతా ఎక్కించడానికి తమ్ముడు ట్రాలీ ఆటో మాట్లాడి తెచ్చాడు, కానీ నాన్న ఫోటో అయ్యేదాకా ఒక్క చెంచా కదపనివ్వనన్నాడు. అప్పటికి ఎన్నోసార్లు తీద్దామని, రేపు ఎండ బాగుంటుంది, ఎల్లుండి బజారులో రద్దీ ఉంటుందని ఆయనే వాయిదా వేశాడు. ఫోటో తీస్తే కొట్టు పోవడం ఖాయమైపోతుందని ఆయన భయం అని నాకు తర్వాత అనిపించింది. ఏమైతేనేం, ఇప్పుడు ఆ పూట తప్ప వేరే పూట లేదు.

నాన్న గల్లా దగ్గర నుంచి లేచి నాకు చోటిచ్చాడు. సీ-వన్ పెట్టి తీశాను. ఫోటోలో కొట్టంతా బొగ్గుల గోదాములా ఉంది. పెళ్ళి స్టేజీకి అమర్చుకున్నది కదా, ఆ అబ్బాయి కెమెరా మీద పెద్ద ఫ్లాష్ లైటు తగిలించుకుంటాడుట, అది ఉంటేనే సీ-వన్‌కు కళ్ళు కనిపిస్తాయిట. ఈ సంగతి అప్పుడు నాకేం తెలుసు? సీ-టూకు తిప్పాను. రాత్రి ఊరేగింపుకు పెట్టుకున్నది పొద్దుటి ఎండలో ఏం చేస్తుంది, ఫోటో అంతా పాలు ఒలికినట్టు తెల్లగా వచ్చింది, వీధి లేదు, సోడా కొట్టు లేదు.

"అక్కా, నీకు దణ్ణం పెడతా, ఆ పచ్చ గుర్తు మీద పెట్టి కొట్టవే! ఆటో వాడు ఎళ్ళిపోతానంటున్నాడు."

అభిమానం చంపుకుని పచ్చ గుర్తుకు తిప్పాను. తిప్పీ తిప్పగానే కెమెరా నెత్తి మీద నుంచి ఫ్లాష్ దానంతటదే లేచి నిలబడింది. నేను లేవమనలేదు. నొక్కగానే ఆ మెరుపు కొట్లో ఉన్న ప్రతి బిందె మీదా, ప్రతి పళ్ళెం మీదా, ప్రతి గరిటె మీదా పడి తిరిగి మా మొహాల మీదికే కొట్టింది. నాన్న ఆ చిన్న తెరలోకి కళ్ళు చికిలించుకుని చూసి, "ఇదేంది, కొట్టు తగలబడతన్నట్టుందే?" అన్నాడు. ఫ్లాష్‌ను వేలితో అదిమిపెట్టి నొక్కబోయాను. కెమెరా అలిగి అసలు తీయనంది. వదిలితే లేస్తుంది, అదిమితే అలుగుతుంది. వెలుతురు తక్కువుందని దానికదే తీర్మానించుకుంది, ఇక మనం చెప్పేది వినదు. తెలివి తక్కువ మనిషితో బేరమాడవచ్చు, తనకంతా తెలుసనుకునే దానితో ఏం బేరమాడతాం?

జేసీబీ మూడు కొట్ల అవతలికి వచ్చింది. దుమ్ము మా మెట్ల దాకా లేస్తోంది. తమ్ముడు నాన్నకు వినపడకుండా నన్ను తిడుతున్నాడు. నాన్న మాత్రం గంగాళం మీద పడ్డ దుమ్మును కండువాతో తుడుస్తున్నాడు. ఆ తుడవడం చూసి నాకు ఏడుపొచ్చింది. ఏడుపొస్తే నాకు కోపం వస్తుంది. ఆ కోపంలో చక్రాన్ని సీ-త్రీకి తిప్పి, బలంగా నొక్కి, ఆ ఎర్ర దీపం మళ్ళీ కొట్టుకుంటుంటే కెమెరాను నా మొహం వైపు తిప్పుకుని, నీకేం రోగమే అని దాని కన్నులోకి చూశాను. అప్పుడు టిక్కుమంది.

తెరలో నా ముక్కు. ముక్కు రంధ్రాలతో సహా.

అంటే అది చచ్చిన సరుకు కాదు! ఎడ్లపాడుకు ఫోన్ చేశాను. ఆ అబ్బాయి ఏదో పెళ్ళిలో ఉన్నాడు, వెనకాల సన్నాయి. ఇంతకాలంగా నేను దాచుకున్న తిట్లన్నీ ఒక్క ఊపులో అప్పజెప్పాక, అతను నింపాదిగా అన్నాడు.

"గర్భగుళ్ళో ఫ్లాష్ కొట్టనివ్వరు కదమ్మా. దీపాల ఎలుతురులో మెల్లగా తీసుకోవాల. చెయ్యి తగిల్తే కదులుద్దని టైమర్ పెట్టుకున్నా. నొక్కంగానే పడదు. దేని మీదన్నా పెట్టి, నొక్కి, చేతులు తీసేసి ఊరుకోండి."

"ఊరుకుంటే?"

"అదే తీసుకుంటది. మీరు ఊరుకోవాల, అంతే."

నేను ఎప్పుడైనా ఊరుకున్నానా? ఇంట్లో సీ-త్రీ పెట్టి నొక్కినప్పుడల్లా అది తీయబోయేలోపే తిట్టి చక్రం తిప్పేస్తూ వచ్చాను. కారణం తెలిశాక తిట్టడానికి ఎవరూ మిగల్లేదు, అది మరీ విసుగు.

గల్లా పెట్టె మీద ఒక గుండిగ బోర్లించి, దాని మీద కెమెరా పెట్టాం. నువ్వు నొక్కితే నీ చేతి దురుసుకు గుండిగ కూడా కదులుతుంది, నేను నొక్కుతానన్నాడు నాన్న. తన చోట్లో తను నిలబడి, చూపుడు వేలితో నెమ్మదిగా నొక్కి, చెయ్యి తీసేశాడు. ఎర్ర దీపం కొట్టుకుంటోంది. జేసీబీ చప్పుడు. అందరం కదలకుండా నిలబడ్డాం.

"అయిందంటావా?"

"ఉండు నాన్నా, మాట్లాడమాక."

టిక్కుమంది. నాన్న తెరలోకి చూడను కూడా చూడలేదు, "ఒరేయ్, ఎత్తండి ఇంక" అని తమ్ముడికి చెప్పి మెట్లు దిగి, ఎదురుగా సోడా కొట్టు అరుగు మీద కూర్చున్నాడు. వీధిలో నుంచి తన కొట్టును అంతసేపు చూడటం ఆయనకు అదే మొదటిసారి అనుకుంటాను. మధ్యాహ్నానికి అక్కడ కొట్టు లేదు.

ఫోటో గుంటూరులో పెద్దదిగా వేయించాం. కెమెరా కార్డులో ఉన్నది ఆ తర్వాత ఏ బారసాలకో చెరిగిపోయింది, మిగిలింది ఈ కాగితం ఫోటోయే. ఏమాటకామాటే చెప్పాలి, ఆ ఎడ్లపాటి అబ్బాయి కుదుర్చుకున్న గర్భగుడి వెలుతురు మా కొట్టుకు సరిగ్గా అతికింది. గరిటెలు దీపాల్లా మెరుస్తున్నాయి, వీధిలో ఎండ కళ్ళల్లో గుచ్చుకోకుండా ఉంది, నడిచిపోయేవాళ్ళు కొంచెం చెదిరారు గానీ సోడా కొట్టు, మెట్లు, గంగాళం ఎక్కడివక్కడ ఉన్నాయి. మేడ మీద కొత్త గదిలో నాన్న కూర్చునే చోటికి ఎదురుగా ఉత్త గోడ, వీధి కనపడదు. ఆ గోడకే ఫోటో తగిలించుకున్నాడు. గిరాకీ లేనప్పుడు ఆ వీధినే చూస్తూ కూర్చునేవాడు.

ఒకరోజు దగ్గరికెళ్ళి అద్దం తుడుస్తూ, గంగాళం కడుపు మీద ఏదో మరక ఉందే అని నన్ను పిలిచాడు. కళ్ళజోడు సర్దుకుని ఇద్దరం చూశాం. మరక కాదు. ఇత్తడిలో కొట్టు లోపలి భాగమంతా బొటనవేలంత ప్రతిబింబం పడింది. అందులో గల్లా పెట్టె, బోర్లించిన గుండిగ, దాని వెనక ధోవతి కట్టుకున్న మనిషి, వీధి వెలుతురు మొహం మీద పడుతుంటే, నొక్కిన వేలు దించడం మరిచిపోయి అట్లాగే పైకెత్తి పట్టుకుని. ధర ఇక దిగదని చెప్పే ఆ వేలు.

"నేనొద్దన్నాగదే, ఎట్టా దూరానే ఇందులోకి?" అన్నాడు నాన్న.

"కొసరు నాన్నా," అన్నాను.

ఆయన నవ్వి నవ్వి, కండువాతో కళ్ళు తుడుచుకుని, మళ్ళీ వెళ్ళి తన చోట్లో కూర్చున్నాడు. ఇప్పుడు ఆయనా లేడు, ఆ మేడ మీది గదీ లేదు. ఫోటో మా ఇంటికి వచ్చింది.

ఫోన్ తుడిచేసింది ఆ మరకనే. దాని ఆటో తెలివికి అది మరకగానే కనిపించింది, అడగాలని కూడా తోచలేదు. చేసేది లేక బీరువాలోంచి ఆ పాత కెమెరా తీశాను. ఛార్జింగు ఎక్కడానికి ఒక పూట పట్టింది, అంతసేపూ దాన్నీ, ఫోన్‌నూ, కరెంటునూ వరసపెట్టి తిడుతూనే ఉన్నాను. ఫోటోను కిటికీ పక్కన నిలబెట్టి, ఎదురుగా మరచెంబుల మీద కెమెరా పెట్టి, సీ-త్రీకి తిప్పి, నొక్కి, చేతులు కట్టుకుని ఊరుకున్నాను. ఎర్ర దీపం కొట్టుకుంది. ఉన్నది ఉన్నట్టు వచ్చింది, నాన్నతో సహా. మా మనవరాలు వచ్చి దాన్ని ఫోన్లోకి ఎక్కించి గుంటూరు పంపింది.

మన కాలంలో కొసరు కావాలంటే నోరు తెరిచి అడగాల్సి వచ్చేది. ఇవ్వననే హక్కు వాళ్ళకుండేది, వద్దనే హక్కు మనకుండేది. ఇప్పుడు అడక్కుండానే తెలుపులూ, నునుపులూ, మెరుగులూ మీద పోసేస్తున్నారు. ఆ పోసే హడావిడిలో మన దగ్గరున్నది ఏం పట్టుకుపోతున్నారో చూసుకునే తీరికే ఉండటం లేదు. ఎవరితో బేరమాడాలో కూడా తెలియదు, గల్లా పెట్టె వెనక మనిషి లేడు కదా.

ఇట్లా అనుకుంటూ కూర్చున్నానో లేదో, మరదలు ఫోన్ చేసింది.

"వదినా, ఫోటో చానా బాగుంది. గంగాళం మీద ఏదో మరకుంది, మా ఫోను తీసేయమంటావా అని అడుగుతోంది. తీసేయనా?"

ఎదురుగా మనిషి లేకపోయినా నా చూపుడు వేలు దానంతటదే లేచింది.

"దాని జోలికి పోమాక," అన్నాను. "అది మీ మావయ్య."